అక్క గొంతుకు చోటెక్కడ

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, ఫ్రేముల అట్టపెట్టెల మధ్య కూర్చుని, చెల్లెలు పొద్దున్నుంచీ ఒక్క మీటనే పైకీ కిందికీ జరుపుతోంది. వెంట్రుకవాసి పైకి జరుపుతుంది, కళ్లు మూసుకుని వింటుంది, తల అడ్డంగా ఊపుతుంది. వెంట్రుకవాసి కిందికి జరుపుతుంది, మళ్లీ వింటుంది, ఈసారి నిలువుగా ఊపుతుంది. ఊపిరి తిప్పుకునేలోపు ఆ నిలువు కాస్తా మళ్లీ అడ్డమవుతుంది. షాపుకొచ్చిన వాళ్లెవరైనా తెర పక్కకు జరిపి చూస్తే, పాపం ఈ పిల్లకు ఏమైందోనని జాలిపడి వెళ్లేవాళ్లు.

ఏమీ కాలేదు. అక్క గొంతు వినపడటం లేదు, అంతే.

వినపడటం లేదంటే అక్క పాడటం లేదని కాదు. అక్క ఏళ్ల తరబడి నాటకాల్లో పాడుతున్న మనిషి. మైకు లేకుండా పాడితే చివరి వరసలో కునుకు తీసేవాళ్లు కూడా లేచి కూర్చునే గొంతు. నిరుడు గొంతు దగ్గర గడ్డ తీశారు. గడ్డ పోయింది, మనిషి దక్కింది, గొంతు మాత్రం సగమే తిరిగొచ్చింది. పై స్వరం దగ్గర సన్నగా చీలుతుంది. ఇంతకు మించి రాదని డాక్టరు చెప్పేశాడు. ఇప్పుడు కొత్త నాటకం చివర్లో ఒక తల్లి పాడే పాట ఉంది. అది అక్క పాడాలా, వేరే ఆవిడ పాడాలా అన్నది ఈ సాయంత్రం దర్శకురాలు విని తేలుస్తానంది. ఆ దర్శకురాలిని వెనకాల అందరూ కత్తెర మేడమ్ అంటారు. మాటలైనా మనుషులైనా అనవసరం అనిపిస్తే కత్తిరించడానికి ఆవిడ రెండో ఆలోచన చేయదు.

పాటకు వాయిద్యం ఒక్కటే, చెల్లెలి సింథసైజర్. చూడటానికి హార్మోనియంలాగే మెట్లుంటాయి, లోపల గాలీ ఉండదు, తీగా ఉండదు. కరెంటు పుట్టించే ముడి శబ్దాన్ని మనమే చెక్కుకోవాలి. ఫిల్టర్ అనే నాబ్ ఎడమకు తిప్పితే శబ్దంలోని పై తళుకంతా వడకట్టేసి కింది మెత్తదనాన్ని వదులుతుంది. ఈక్వలైజర్ పెట్టెది ఇంకో పని. అది శబ్దాన్ని లావు, నడిమి, సన్నం అంటూ ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో మీట పెట్టి, ఎంత పెంచుకుంటావో ఎంత తగ్గించుకుంటావో నీ ఇష్టం అంటుంది. ఎంత అన్నది చెవి చెప్పాలి. చెల్లెలి చెవి ఆ రోజు ఒక్క మాట మీద నిలబడటం లేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. డ్రమ్ములు వాయించే అతను నడిమి మీట పెంచమన్నాడు. వాయిద్యాల షాపువాడు నడిమి తగ్గించి సన్నం పెంచమన్నాడు. మైకుసెట్టు ఆయన ఏదీ ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకున్నవాళ్లెవరూ బాగుపడలేదన్నాడు. ముగ్గురూ అనుభవజ్ఞులే, ముగ్గురి మాటా వినగానే నిజమే అనిపిస్తుంది, అదే వచ్చిన తంటా. చివరికి చెల్లెలు అక్క గొంతు రికార్డు చేసి, దాన్ని ఈ పెట్టెలోంచి పంపి, పక్కన తన సింథ్ రికార్డు కూడా పెట్టుకుని, గొంతును నడిమి మీటతో పైకి లేపే పనిలో పడింది.

తన సింథ్ శబ్దం జోలికి మాత్రం వెళ్లలేదు. దాని మీద ఆమెకు అనుమానమే రాలేదు. అక్క ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారం మొదలుపెట్టి, నెలల తరబడి వండిన శబ్దం అది. లావుగా, వెచ్చగా, ఎక్కడా సందు లేకుండా ఉంటుంది. అక్క గొంతు ఎక్కడ జారితే అక్కడ కింద చెయ్యి పట్టినట్టు ఉండాలని ఆమె ఆశ. అక్క కూడా విన్న ప్రతిసారీ “భలే ఉందే నీ శబ్దం, ఇంకొంచెం దట్టంగా పెట్టు” అనేది. ప్రాణం పెట్టి చేసిన పనిని అక్కే మెచ్చుకుంటుంటే చెల్లెలికి ఇంకేం కావాలి?

మధ్యాహ్నానికి దారి దొరికింది. నడిమి మీటను ఒకచోట ఆపగానే అక్క గొంతు ఒక అడుగు ముందుకొచ్చినట్టు వినిపించింది. చెల్లెలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “బావా! ఒక్కసారి రండి!” అని కేకేసింది.

బావ కళ్లజోళ్లాయన. అక్క మొగుడు, షాపు ఆయనదే. సంగీతం సంగతి అడిగితే గట్టిగా ఉంటే మంచి పాట, మెల్లగా ఉంటే జోలపాట అంటాడు. వచ్చి, చేతిలో అద్దాలు తుడిచే గుడ్డతో నిలబడి విన్నాడు.

“ముందు ఇది,” అని చెల్లెలు మీట దించింది. “ఇప్పుడు ఇది,” అని ఎక్కించింది.

“అబ్బో! చాలా తేడా ఉంది మరదలా. ఇప్పుడు మీ అక్క పక్కన నిలబడి తిడుతున్నట్టే ఉంది.”

చెల్లెలు మురిసిపోయి, ఆ మీట ఉన్న చోటును ఫోన్లో ఫొటో తీద్దామని వంగింది. వంగితే పెట్టె మూలన ఉన్న చిన్న బొత్తాం కనిపించింది. దాని మీద వెలగాల్సిన ఎర్ర దీపం వెలగడం లేదు. అంటే పెట్టె పనిచేయడం లేదు. అంటే గొంతు ఈ మీటలన్నీ దాటేసి నేరుగా స్పీకర్లోకి పోతోంది. పొద్దున్నుంచీ ఆమె జరిపిన మీట, గాలిలో జరిపినట్టే.

ఆమె నేల మీద చతికిలపడింది. మరి ముందుకొచ్చిన గొంతు ఎక్కడి నుంచి వచ్చింది? కళ్లల్లో నీళ్లెందుకు తిరిగాయి? బావకు తేడా ఎక్కడ వినిపించింది? దీపం వెలిగించి మళ్లీ మీట జరిపి చూసింది. ఇప్పుడు గొంతు పెరిగిందో, తన ఆశ పెరిగిందో తెలియలేదు. వినాలంటేనే భయం పట్టుకుంది. సాయంత్రానికి అక్క బతుకు తేలాలి, తేల్చాల్సిన చెవులు చూస్తే ఇలా ఉన్నాయి.

“బావా, మీరు నిజంగా తేడా విన్నారా?”

“నువ్వు అంత ఆశగా చూస్తుంటే లేదని ఎట్లా అంటాను?” అన్నాడు బావ. ఆ తర్వాత కాస్త ఆలోచించి, “షాపులో మేం ఏం చేస్తామో చెప్పనా? ఒక అద్దం పెడతాం, తీసి ఇంకోటి పెడతాం. ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతాం. ఏది ఏదో ముందే చెప్పం. చెప్తే అందరూ ఖరీదైనదే బాగుందంటారు. నువ్వు అటు తిరిగి కూర్చో. బొత్తాం నేను నొక్కుతాను” అన్నాడు.

గోడవైపు తిరిగింది. ఎదురుగా పాత కంటిపరీక్ష అట్ట వేలాడుతోంది, పైన తలకాయంత అక్షరాలు, కింద చీమ తలకాయంత అక్షరాలు. వాటిని చూస్తూ వింటోంది. వెనక బొత్తాం టక్కుమంది.

“ఇది బాగుందా?”

“ఊఁ.”

మళ్లీ టక్. “ఇది?”

“ఇదీ బానే ఉంది.”

“అట్లా అంటే ఎట్లా? రెండూ బాగుంటే నీకు జోడే అక్కర్లేదు, ఇంటికెళ్లిపో. సరిగ్గా విను. ఇది?”

“ముందుదే నయమేమో. కాదు, ఇదే. అయ్యో బావా, నాకు అర్థం కావడం లేదు!”

“కంగారుపడకు. అందరూ ఇక్కడికొచ్చేసరికి ఇట్లాగే ఏడుస్తారు. సరే, ఇది?”

ఈసారి అక్క వచ్చింది. ఎక్కడి నుంచో కాదు, ఆ గదిలోకే వచ్చింది. పాట ఎత్తుకోబోయే ముందు తీసుకున్న ఊపిరి వినపడింది. మాట చివర పెదాలు కలిసిన చప్పుడు వినపడింది. పై స్వరం దగ్గర గొంతు చీలి, చీలిన చోటు నుంచే పాట ముందుకు పాకింది. 

“ఆగండి! అదే! చెయ్యి తియ్యకండి! ఏం నొక్కారు?”

బావ దొంగలా చూశాడు. “కోప్పడకేం. షాపులో అప్పుడప్పుడు అద్దమే లేని ఫ్రేమ్ పెట్టి అడుగుతాను. మొహమాటానికి బాగుందనేవాళ్లు అక్కడ దొరికిపోతారు. నువ్వూ దొరుకుతావేమోనని…”

“బావా, ఏం నొక్కారో చెప్పండి.”

“నీ వాయిద్యం ఆపేశాను.”

షాపులో ఎవరో పిలిస్తే ఆయన బతుకు జీవుడా అని వెళ్లిపోయాడు. చెల్లెలు అక్కడే ఉండిపోయింది. సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు. అక్క గొంతును ముంచుతున్నది గడ్డ కాదు, డాక్టరు కాదు, తను. చెయ్యి పట్టి లేపుతున్నాననుకుంటూ నెత్తి మీద చెయ్యి పెట్టి నొక్కింది. కాదు కాదు, ఇదీ భ్రమేనేమో. ఇందాక విన్నదీ నిజంలాగే వినిపించింది కదా! ఒకసారి మోసపోయిన చెవిని రెండోసారి ఎట్లా నమ్మడం?

నమ్మకపోయినా పని ఆగదు. పెట్టెను అక్క గొంతు నుంచి విప్పి తన సింథ్‌కు తగిలించింది. ఈసారి ఎర్ర దీపం వెలుగుతోందని వేలు పెట్టి మరీ చూసుకుంది. అక్క గొంతు ఉండేది ఎక్కువగా నడిమి ముక్కలోనే. సరిగ్గా అక్కడే తన శబ్దం కూడా కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. నడిమి మీటను కిందికి దించింది. ఫిల్టర్ ఎడమకు తిప్పి పై తళుకు తీసేసింది. మిగిలినదాన్ని విడిగా వింటే జలుబు చేసిన ముక్కులోంచి వచ్చినట్టు ఉంది. ఇంత చండాలమైన శబ్దాన్ని ఆమె జన్మలో చేయలేదు. అక్క గొంతుతో కలిపి వింటే మాత్రం ఎక్కడిదక్కడ అమరింది. ఒంటరిగా వింటే పనికిరానిది పక్కన మనిషి ఉంటే పనికొస్తుందా? ఇదెక్కడి న్యాయమో ఆమె బుర్రకెక్కలేదు.

అప్పుడే అక్క వచ్చింది, రిహార్సలుకు వెళ్లడానికి చీర మార్చుకుని. చెల్లెలు ఏమీ చెప్పకుండా పాట పెట్టింది. అక్క అట్టపెట్టె మీద కూర్చుని చివరిదాకా వింది. 

“నా గొంతు ఇట్లా ఉందా?”

“ఇప్పుడు వినపడుతోంది కదా అక్కా!”

“వినపడుతోంది. అదే చెప్తున్నాను. తీసిందంతా మళ్లీ పెట్టెయ్.”

“పెడితే నువ్వు మునిగిపోతావు.”

“మునగనీ.”

చెల్లెలు తెల్లబోయింది. “ఏంటక్కా! నీకు ముందే తెలుసా?”

“తెలియకపోవడానికి నాకు చెవుల్లేవా? కోసింది గొంతునే, చెవుల్ని కాదు.”

“మరి ఇన్నాళ్లూ దట్టంగా పెట్టమని నువ్వే కదా అన్నావు! నేను పిచ్చిదానిలా పెడుతూనే ఉన్నాను!”

“నాకు హాయిగా ఉండేదే. నీ వెనక నిలబడి ఏం పాడినా ఎవరికీ తెలియదు.”

“ఎవరికీ తెలియకపోతే ఆ కత్తెర మేడమ్ నిన్ను తీసేస్తుంది కదా!”

“గొంతు వినపడక తీసేస్తే, ఆ సింథ్ గోల ఎక్కువైందని చెప్పుకోవచ్చు. విని తీసేస్తే…” అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచింది. “పద, ఆలస్యమవుతోంది.”

చెల్లెలికి కోపం వచ్చింది. అంటే నింద నా మీద పడినా ఫర్వాలేదన్నమాట! ఆ కోపం గొంతుదాకా వచ్చి, అక్క మెడ మీది మచ్చ చూడగానే ఎటో పోయింది. పోయినచోట ఏం మిగిలిందో ఆమెకే తెలియదు. మీటలన్నీ మళ్లీ వరసలోకి తెచ్చింది, ఫిల్టర్ తెరిచింది. అక్క గొంతు, అక్క ఇష్టం. అక్క మాట వినడం ధర్మమా, వినకపోవడం ధర్మమా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. 

రిహార్సల్ హాలు ఒకప్పుడు సరుకుల గోడౌన్. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చివర చెక్క వేదిక, పైన తుప్పు పట్టిన ఫ్యాన్లు. కత్తెర మేడమ్ మూడో వరసలో కూర్చుంది, పక్కన సహాయకురాలు. మైకుసెట్టు ఆయన తీగలు తగిలించాడు. అక్క మైకు ముందు నిలబడింది, చెల్లెలు ఆమెకు చేతికందే దూరంలో సింథ్ ముందు.

“కానివ్వండి,” అంది కత్తెర మేడమ్.

చెల్లెలు మెట్లు నొక్కింది. నెలల తరబడి వండిన ఆ శబ్దం హాలు నిండా పరుచుకుంది. అక్క పాట ఎత్తుకుంది. పెదాలు కదులుతున్నాయి. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. కత్తెర మేడమ్ ముందుకు వంగింది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది, మైకు పెంచమని సైగ చేసింది. మైకుసెట్టు ఆయన పెంచితే ఇంకో మూల నుంచి కీచుమని అరుపు వచ్చి, గబుక్కున తగ్గించేశాడు. చెల్లెలి ఎడమ చెయ్యి ఫిల్టర్ మీదకు వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. తిప్పితే అక్కకు ద్రోహం. తిప్పకపోతే కూడా ద్రోహమే. కత్తెర మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది.

చరణానికీ చరణానికీ మధ్య సింథ్ కాస్త నెమ్మదించే చోట, ఆవిడ పక్కకు తిరిగి సహాయకురాలితో అన్న మాట అందరికీ వినపడింది.

“ఆ ఇంకో ఆవిడ నంబర్ ఉందా నీ దగ్గర?”

అక్క మొహం ఎర్రబడింది. చిన్నప్పటి నుంచీ చెల్లెలికి ఆ ఎరుపు తెలుసు. ఇంట్లో పళ్లాలు ఎగిరే ముందు వచ్చే ఎరుపు. అక్క ఒక్క అడుగు పక్కకు వేసి, చెయ్యి చాపి, సింథ్ మీద అన్నిటికంటే పెద్దగా కనిపించిన నాబ్ పట్టుకుని ఎడమకు గట్టిగా తిప్పేసింది.

అది ఫిల్టర్ కాదు. వాల్యూమ్.

శబ్దం దీపం ఆర్పినట్టు పోయింది. హాల్లో ఫ్యాన్ల కిర్రుకిర్రు తప్ప ఏమీ లేదు. అక్క కూడా ఒక్క క్షణం నిర్ఘాంతపోయింది. కానీ చరణం మొదలుపెట్టాల్సిన చోటు వచ్చేసింది, పాడేవాళ్లకు అది దాటిపోతే రాదు. మొదలుపెట్టింది.

గొంతు సన్నగా వచ్చింది. రెండో పాదంలో కొంచెం వణికింది. చెల్లెలి చేతులు అలవాటు కొద్దీ మెట్లు నొక్కుతూనే ఉన్నాయి, ఒక్క మెట్టూ పలకడం లేదు. నాబ్ పక్కనే ఉంది. చిటికెన వేలితో తిప్పితే చాలు, అక్కను మళ్లీ కప్పేయవచ్చు. తిప్పాలా? ఎందుకు తిప్పడం లేదు? భయమా, మొండితనమా, తనకే అర్థం కాలేదు. పై స్వరం వచ్చేసింది. అక్క గొంతు అక్కడ చీలింది, అందరికీ వినపడేలా చీలింది. అక్క ఆగలేదు. ఆ చీలికతోనే స్వరాన్ని పట్టుకుని, కొడుకును పిలిచే ఆ చివరి మాటను మెల్లగా కిందికి దించింది. చెల్లెలు కూడా ఆఖరి మెట్టు దాకా వాయించింది, ఏమీ వినపడకపోయినా, ఒక్క మెట్టూ తప్పకుండా.

కత్తెర మేడమ్ పక్కకు తిరిగింది. సహాయకురాలితో, “ఆ నంబర్ అక్కర్లేదు” అంది. లేచి వెళుతూ చెల్లెలి దగ్గర ఆగింది. “వెనక వచ్చే శబ్దం సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. ఈ గొంతు మాత్రం నాకు వినపడాలి.”

ఆవిడ వెళ్లాక అక్క చెక్క వేదిక మీద కూలబడింది. చెమట తుడుచుకుంటూ, “అది తిప్పితే కాస్త తగ్గుతుందనుకున్నానే. మొత్తం పోతుందని నాకేం తెలుసు?” అంది.

“పోయాక పెంచమని సైగ చేయొచ్చు కదా?”

“నువ్వెందుకు పెంచలేదు?”

  చెల్లెలు అక్క పక్కన కూర్చుని, తీగ చుట్టబోయి, వదిలేసింది.

“మరి నాటకంలో నేనేం వాయించనక్కా?”  “బాగుంటే నువ్వు వినపడవు. నువ్వు వినపడాలంటే నాది వినలేం.”

“ఇవాళ వాయించిందే వాయించు.”

“ఇవాళ నేను వాయించింది ఎవరికీ వినపడలేదు.”

“నేను చూస్తూనే ఉన్నాను కదా,” అంది అక్క. “పై స్వరం నాకు అందదనిపించిందే. వదిలేసి దిగిపోదామనుకున్నాను. పక్కకు చూస్తే నీ వేళ్లు ఇంకా కదులుతున్నాయి. అది చూస్తూ పాడేశాను.”